టెలిస్కోప్ గెలీలియో కనిపెట్టలేదండీ!

సంపాదకులకు నమస్కారం.

మొన్న మా మనవడు స్కూలు క్విజ్‌లో 'టెలిస్కోప్ కనిపెట్టింది గెలీలియో' అని రాసి మార్కు కొట్టేశాడు. తప్పు రాసినందుకు కాదు, దానికి మార్కు వేసినందుకు నాకు ఒళ్ళు మండింది. 1608లో హాలండ్‌లో కళ్ళద్దాలు చేసే లిపర్‌షే దానికి పేటెంట్ అడిగితే, ఇది మాకూ తెలుసంటూ ఇంకొందరు రావడంతో ఇవ్వలేదు. అది మూడింతలు పెద్దగా చూపేదంతే. ఆ కబురు విన్న గెలీలియో 1609లో అద్దాలు తనే సానబట్టి ఎనిమిదింతలకి, తర్వాత ఇరవై ఇంతల దాకా తీసుకెళ్ళి, 1610 జనవరిలో గురుడి చుట్టూ తిరిగే చందమామల్ని చూశాడు. ఆయన గొప్ప అదీ! అసలు అన్నిటికీ మూలం 13వ శతాబ్దం చివర్లో ఇటలీలో వచ్చిన కళ్ళద్దాలు, అంటే నాలాంటి చత్వారం వాళ్ళ కోసం చేసినవే. 1611లో జర్మనీ ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ టెలిస్కోప్‌కి రెండు చివర్లా కుంభాకార కటకాలే, అంటే మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే అద్దాలే పెట్టమన్నాడు, బొమ్మ తలకిందులైనా ఎక్కువ ఆకాశం కనబడుతుంది, చుక్కలు తలకిందులైతే ఎవరికి నష్టం?

మన విశాఖ డాబాగార్డెన్స్‌లో 1840లోనే గోడే వెంకట జగ్గారావు గారు అబ్జర్వేటరీ, అంటే ఆకాశాన్ని పరిశీలించే కేంద్రం పెట్టారు. ఈ సంగతి మా వీధిలో ఒక్కరికీ తెలీదు. మీ పిల్లల పేజీలో ఒక్కసారి వేయండి.

- ఒక పాఠకుడు, విశాఖపట్నం