ఎనభై వేల మాట

కడప,
ఆదివారం.

చిరంజీవి హరికి,

అమ్మ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. అవ్వకు మోకాళ్ళు సలుపుతున్నాయి, అయినా సంగటి మానదు. మీ నాయన పొద్దున్నే దేవుని కడప దాకా నడిచొచ్చి, షుగరు తగ్గిందని తనకు తానే తీర్పు చెప్పుకొని ఓళిగలు అడుగుతున్నాడు. మిద్దె మీద నీళ్ళ తొట్టికి మూత మార్పించినాం. నువ్వు ఫోన్ ఎత్తడం లేదు. వాట్సాప్‌లో నీలం టిక్కులు మాత్రం పడుతున్నాయి. చదువుకుంటా ఉంటావులే అని ఊరుకున్నా. ఈ ఉత్తరం ప్రత్యేకించి ఒక విషయం కోసమని కాదు. ఊరికే రాస్తున్నా.

మొన్న చిన్నమామ వచ్చినాడు. కాఫీ తాగుతా తాగుతా, "హరికి ఎనభై వేలు అవసరం పడిందంట గదక్కా" అన్నాడు. నాకేం తెలుసు? సాయంత్రానికి ప్రొద్దుటూరి అత్త ఫోన్ చేసి అదే మాట. మరుసటి రోజు శారద గుడి దగ్గర ఆపి, "డిపాజిట్ కడితే అవుట్‌సోర్సింగ్ ఉద్యోగం ఖాయమంట గదా, హరి అదృష్టవంతుడు" అనింది. ముగ్గురూ చెప్పినారు కాబట్టి నిజమే అయ్యుంటుందని ఇంకొకరైతే అనుకుంటారు. నేనట్లా అనుకోలేదు. ముగ్గురి నోటా అదే ఎనభై వేలు, అదే "ఖాయమంట", ముగ్గురూ ఆ ఆఫీసు పేరు ఒకే రకంగా తప్పు పలికినారు. శారదకు చెప్పింది మీ అత్త, అత్తకు చెప్పింది చిన్నమామ, మామకు చెప్పింది రామ్మోహన్. అంటే సాక్షి ఒక్కడే. అదీ రామ్మోహన్. అక్క పెళ్ళప్పుడు ఆయన ఏం పుట్టించినాడో నీకు గుర్తే ఉంటుంది.

యర్రముక్కపల్లెలో బ్రౌన్ దొర పేరున గ్రంథాలయం ఉంది గదా, చిన్నప్పుడు బడి పిల్లలతో పోయినావు. ఆయన 1820లో కడపకు వచ్చినాడు, 1829లో వేమన పద్యాలు అచ్చు వేయించినాడు. ఒక పుస్తకం అచ్చుకు ఇవ్వాలంటే దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, జూలూరి అప్పయ్య లాంటి పండితులకు తన డబ్బుతో జీతాలిచ్చి, పక్కపక్కన పెట్టి పోల్చి చూపించుకునేవాడు. ప్రతులు పోల్చేవాళ్ళు ముందుగా వెతికేది ఏ ప్రతిలో మాట సరైనదని కాదు, తప్పుల్ని. రాయసగాడు ఒకచోట ఒక అక్షరం పొరబడితే, వాని ప్రతి చూసి రాసుకున్న వాళ్ళందరిలోనూ ఆ పొరబాటు దిగుతుంది. పది ప్రతుల్లో ఒకే వింత తప్పు కనబడితే ఆ పదింటికీ తల్లి ప్రతి ఒకటే. అప్పుడు పదింటినీ కలిపి ఒక్కటిగానే లెక్కపెట్టాల. నీ టెలిగ్రామ్ గ్రూపుల్లో వచ్చే వాటికీ ఇదే లెక్క. ఇరవై గ్రూపుల్లో వచ్చిందని నమ్మొద్దు. ఆ ఇరవై మెసేజుల్లో అదే అక్షరదోషం, అదే చోట మూడు ఆశ్చర్యార్థకాలు ఉన్నాయేమో చూడు. వాట్సాప్‌లో రెండు బాణాల గుర్తుతో "చాలాసార్లు ఫార్వార్డ్" అని పడితే, అది కనీసం ఐదు చేతులు మారి వచ్చిందని అర్థం. మొదట రాసినవాడు ఎవడో నీకు చేర్చినవానికీ తెలీదు.

గంగన్న మనవడి సంగతి నీకు పూర్తిగా చెప్పినట్టు లేదు. వినే ఉంటావు, అయినా చెప్తా.

వానికి స్పీడ్ పోస్టులో నియామక పత్రం వచ్చింది. మందపాటి కాగితం, పైన మూడు సింహాల ముద్ర, కింద నీలం సంతకం, గుండ్రటి స్టాంపు. కేంద్ర ప్రభుత్వ ఆఫీసులో ఉద్యోగమంట. ఇంటింటికీ బూంది లడ్డు పంచినారు. అప్పటికే వాడు మెడికల్ అని ఒకసారి, శిక్షణ అని ఒకసారి, యూనిఫాం అని ఒకసారి డబ్బు కట్టి ఉన్నాడు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదు. ఎందుకంటే వాళ్ళ నాయన జాగ్రత్తపరుడు. కాగితంలో ఉన్న నంబరుకు ఫోన్ చేసి కనుక్కున్నాడు. అవతల ఆడపిల్ల చక్కగా మాట్లాడి, మీ అబ్బాయి పేరు జాబితాలో ఏడోది సార్ అనింది. ఇంకేం కావాల? దొంగ ఉత్తరంలో ఉన్న నంబరుకు చేస్తే ఎత్తేది దొంగే గదా! విచారించాల్సిన నంబరును ఆ కాగితం నుంచి తీసుకోకూడదు. ఆ ఆఫీసు సొంత వెబ్‌సైట్లో వెతికి పట్టుకోవాల, లేదా ఊర్లో ఉన్న ఆ శాఖ ఆఫీసుకే పోయి అడగాల.

ఆ కాగితం నిదానంగా చదివితే దానిలోనే అంతా ఉంది. జీతం దగ్గర "5200–20200, గ్రేడ్ పే 1900" అని వేసినారు. కేంద్రంలో ఆ పద్ధతి 2016 జనవరి 1తో పోయింది. ఏడో వేతన సంఘం తర్వాత పే మ్యాట్రిక్స్‌లో లెవెళ్ళు వచ్చినాయి. పాత గ్రేడ్ పే 1900 ఇప్పుడు లెవెల్ 2, మూల వేతనం 19,900తో మొదలవుతుంది. కాగితం మీద తేదీ మాత్రం ఆ మార్పు తర్వాతది. అంటే ఎవరికో ఎప్పుడో వచ్చిన అసలు పత్రాన్ని స్కాన్ చేసి పేరూ తేదీ మార్చినారు, జీతం మార్చాలని తోచలేదు. లేఖ సంఖ్యలో ఉన్న సంవత్సరం ఒకటి, కింద తేదీలో ఉన్న సంవత్సరం ఇంకొకటి. జవాబు పంపమన్న ఈమెయిల్ మనందరం వాడే ఉచిత మెయిల్. చివరికి పిల్లోడు చేరదామని ఆ ఊరు పోతే, గేటు దగ్గర వాచ్‌మన్ ఆ కాగితాన్ని మడత కూడా పూర్తిగా విప్పకుండానే, "ఈ వారంలో నువ్వు మూడోవానివి నాయనా" అన్నాడంట. గంగన్న ఇప్పటికీ లడ్డు ముట్టడు.

ఇదంతా ఎందుకు చెప్తున్నానంటే, ఊరికే. నీ దగ్గర అట్లాంటి కాగితం ఏదో ఉందని కాదు. ఉంటే మాత్రం ఫోటో తీసి నాకు పంపు. ఫోటోగా పంపితే వాట్సాప్ దాని లోపలి వివరాలు, తీసిన తేదీ లాంటివి చెరిపేస్తుంది. డాక్యుమెంటుగా పంపితే అవి ఉంటాయి. పీడీఎఫ్ అయితే దాన్నే పంపు. కంప్యూటర్‌లో ప్రాపర్టీస్ తెరిస్తే ఎప్పుడు తయారైందో, ఏ సాఫ్ట్‌వేర్‌తో చేసినారో కనబడుతుంది. ఆ తేదీలను మార్చడమూ కష్టం కాదనుకో. అందుకని అక్కడ తేదీ సరిపోతే అసలుదని తేల్చలేం, సరిపోకపోతే మాత్రం నిలదీయొచ్చు.

జీవో, అంటే ప్రభుత్వ ఉత్తర్వు, దాని కాపీ చూపించినారనుకో, మూడు చూడాల: నంబరు, శాఖ, తేదీ. ఒక్కో శాఖకు నంబర్లు వేరు, ఏడాది మారితే మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతాయి. విధాన నిర్ణయాలకు వేసే ఎంఎస్ వరస వేరు, మామూలు వాటికి వేసే ఆర్‌టీ వరస వేరు. శాఖ చెప్పకుండా "జీవో నంబరు 45 వచ్చింది" అనేవానికి జీవో సంగతి తెలీదు, లేదా నీకు తెలీదని వాని ధైర్యం. పేపరు కటింగు చూపిస్తే ఇంకా తేలిక. ఏ పేపరు, ఏ తేదీ, ఏ జిల్లా ఎడిషన్ అని అడుగు. ఈ-పేపర్లో ఆ రోజు పేజీ తెరిచి చూడు. పాతదైతే జిల్లా గ్రంథాలయంలో ఫైలు అడిగితే తీసిస్తారు, మన ఇంటిపన్నులో గ్రంథాలయ పన్ను కడుతున్నాం, మొహమాటపడొద్దు.

వెబ్‌సైటు పేరు చదివేటప్పుడు కుడి నుంచి ఎడమకు చదవాల. https:// తర్వాత వచ్చే మొదటి ఏటవాలు గీతకు (/) ముందు చివరన ఏముందో అదే దాని ఇంటిపేరు. మన రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ (ఏపీపీఎస్సీ)ది పీఎస్సీ డాట్ ఏపీ డాట్ గవ్ డాట్ ఇన్. చివర గవ్ డాట్ ఇన్ అనేది ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇవ్వరు. "ఏపీపీఎస్సీ-గవ్-ఇన్ డాట్ కామ్" అనే పేరును ఎవడైనా కొనుక్కోవచ్చు, మధ్యలో గవ్ ఎన్నిసార్లు రాసినా దాని చివర కామే. పక్కన తాళం బొమ్మ ఉంది గదా అంటావేమో. నువ్వు పంపేది దారిలో ఇంకొకరు చదవరని ఆ తాళం హామీ, అవతల కూర్చున్నవాడు మంచోడని కాదు. అసలు నోటిఫికేషన్‌కు నంబరు, పక్కన సంవత్సరం ఉంటాయి, ఫీజు వందల్లో ఉంటుంది, కట్టేది ఆ పోర్టల్‌లోనే. ఒక మనిషి ఫోన్‌పే నంబరుకు డిపాజిట్ కట్టమని ఏ కమిషనూ అడగదు. కేంద్రం ఉద్యోగాలైతే ఎంప్లాయ్‌మెంట్ న్యూస్ వారం వారం వస్తుంది, అది చూడు.

గూగుల్‌లో వెతికేటప్పుడు ప్రశ్న మొత్తం రాయకు. మెసేజ్‌లోంచి ఒక విడ్డూరమైన వాక్యం తీసుకొని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టు, అదే వాక్యం ఇంకెక్కడెక్కడ తిరుగుతోందో బయటపడుతుంది. ఒక సైటులోనే వెతకాలంటే ఇంగ్లీషులో సైట్ అని రాసి, కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా సైటు పేరు రాయాల. కోలన్ తర్వాత ఖాళీ వదిలితే ఆ షరతు పనిచేయదు. అందరూ తప్పేది అక్కడే. అన్నిటికన్నా పైన వచ్చిన దానికి "స్పాన్సర్డ్" అని చిన్నగా రాసి ఉంటే, డబ్బులిచ్చి ఎక్కి కూర్చున్నాడని అర్థం. ఒక సైటు మంచిదా కాదా అని దాని "మా గురించి" పేజీ చదువుతా కూర్చోకు. దాన్ని వదిలి బయటికి వచ్చి, దాని గురించి వేరేవాళ్ళు ఏమంటున్నారో చూడు.

తిన్నావా లేదా అని అడగడం మర్చిపోయినా. ఆ అశోక్‌నగర్ మెస్సులో సోడా ఎక్కువ వేస్తారని అక్క చెప్పింది. మజ్జిగ తాగు.

ఇంకో మాట. దసరాకు వచ్చినప్పుడు నీ ల్యాప్‌టాప్ చూసినా. డౌన్‌లోడ్స్ నిండా "పాలిటీ ఫైనల్", "పాలిటీ ఫైనల్ కొత్తది", "పాలిటీ ఫైనల్ కొత్తది 2". అందులో ఏది కొత్తదో నీకైనా తెలుసా? అలమరలో ఒక పుస్తకం తప్పు చోట పెట్టినారంటే అది పోయినట్టే, ఉన్నా దొరకదు గదా. అందుకే పుస్తకం వెన్ను మీద నంబరు రాస్తారు. డ్యూయీ అనే అమెరికా గ్రంథపాలకుడు 1876లో పెట్టిన పద్ధతిలో ఆంధ్రప్రదేశ్ చరిత్ర 954.84, తెలుగు సాహిత్యం 894.827, ఆర్థికశాస్త్రం 330. మన దేశపు గ్రంథాలయ పండితుడు రంగనాథన్ గారు 1933లో కోలన్ వర్గీకరణ అనే ఇంకో పద్ధతి తెచ్చినారు, దాని తర్వాతి కూర్పుల్లో ఒక్కో విషయాన్ని వస్తువు, పదార్థం, క్రియ, స్థలం, కాలం అని ఐదు ముఖాలుగా విడగొట్టినారు. నీకు ఆ నంబర్లన్నీ అక్కర్లేదు. ఆ ఐదింటిలో చివరి రెండూ, స్థలం, కాలం, ఫైలు పేరులో పెట్టుకుంటే చాలు. ముందు తేదీ రాయి, సంవత్సరం, నెల, రోజు ఆ వరసలోనే. 2024-11-03 అని రాస్తే ఫైళ్ళు వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. 03-11-2024 అని రాస్తే అన్ని ఏళ్ళ మూడో తేదీలూ ఒకచోట పోగవుతాయి. తర్వాత ఎక్కడ నుంచి వచ్చింది, ఆ తర్వాత విషయం. "ఎక్కడ నుంచి" అనే ముక్క ఎప్పుడూ వదలొద్దు. ఆర్థిక సర్వే నుంచి వచ్చిన అంకె, ఎవడో కోచింగ్ వాడు నోటి లెక్కన వేసిన అంకె ఆరు నెలల తర్వాత నోట్సులో ఒకే తీరుగా కనబడతాయి. పరీక్షలో ఏది రాస్తావు? ఒక అంకె రాసుకుంటే పక్కన నివేదిక పేరు, ఏ సంవత్సరానిది, పేజీ రాసుకో. ఫోల్డర్లలో ఫోల్డర్లు ఏడంతస్తులు కట్టకు, రెండు చాలు. చిన్న నోటుబుక్కులో ఏ ఫోల్డర్‌లో ఏముందో సూచీ రాసిపెట్టు. ఇది నీకు చెప్పాల్సిన పని లేదు, కేటలాగు కార్డుల డబ్బాతో ఆడుకొని పెరిగినవానివి.

ఆ ఎనభై వేల మాట నేను నమ్మలేదు, మళ్ళీ చెప్తున్నా. నమ్మకపోవడం కూడా రామ్మోహన్ మాట మీద తేల్చేది కాదు, నీ నోట వింటేనే. మీ నాయనకు ఇంకా తెలీదు. తెలిస్తే చిట్టీ ఎత్తి పంపుతానంటాడు, ఆ మనిషికి అడగడం చేతకాదు, ఇవ్వడమే తెలుసు. అందుకే నేను అడుగుతున్నా. డబ్బు నీకే కావాల్సి వస్తే, హాస్టలుకో, పుస్తకాలకో, ఇంకేదానికో, నేరుగా అడుగు. ఎవరో ఉద్యోగం ఇప్పిస్తానన్నారంటే వాని పేరు, నంబరు, ఏ ఆఫీసని చెప్పినాడో ఒక కాగితం మీద రాసి పంపు. నీ వయసు పిల్లలు ఎంత విసిగిపోయి ఉంటారో నాకు తెలుసు. నోటిఫికేషన్ కోసం చూసీ చూసీ ఉన్నప్పుడు ఎవడు ఖాయమన్నా చెవికి ఇంపుగానే ఉంటుంది.

బస్సు పార్సిల్లో చెనిక్కాయల పొడి, నెయ్యి, నువ్వుండలు పంపుతున్నా. నెయ్యి సీసా మూత మీద టేపు చుట్టినా, కత్తెరతో తీయి, పళ్ళతో కాదు. గదిలో నీ పక్కన ఉండే పిల్లోనికీ పెట్టు. రాత్రి తొమ్మిది దాటినాక ఫోన్ చెయ్యి, మీ నాయన పడుకొని ఉంటాడు.

ఇట్లు,
మీ అమ్మ

తాజా కలం: ఒకవేళ ఇచ్చేసి ఉంటే నాతో మాట్లాడేదాకా కూడా ఆగొద్దు. ముందు 1930కి ఫోన్ చెయ్యి, అది సైబర్ నేరాల నంబరు. ఎంత తొందరగా చేస్తే అవతలి ఖాతాలో డబ్బు ఆపడానికి అంత వీలు. యూపీఐ లావాదేవీ కింద పన్నెండు అంకెల నంబరు ఉంటుంది, అది అడుగుతారు. సిగ్గనిపించి ఆ చాట్ చెరిపేయకు, స్క్రీన్‌షాట్లు తీసి పెట్టు. తిట్టను.