సగం శబ్దం వైరులోంచి

తిరుపతి,
జూన్ 14

ఒరే మామా,

బాగుండావా? మొన్న ఫోన్లో "డ్రమ్స్ పక్కన ప్యాడ్ పెట్టావంట కదా, నిజమేనా?" అని అడిగావు. నేను నోరు తెరిచేలోపే నీ బస్సొచ్చేసింది. అది రెండు ముక్కల్లో తేలే మాట కాదులే. నిజమే, పెట్టాను. ఎందుకు పెట్టానో, ఏమైందో రాస్తా. తీరిగ్గా చదువు.

ప్యాడ్ అంటే, అదే, రబ్బరు మీద కొడితే రికార్డు చేసిన శబ్దం పలికే ఎలక్ట్రానిక్ పెట్టె అంటే, నాకెంత కోపమో నీకు తెలుసు. అది వచ్చాకే కదరా మన పక్క ఆర్కెస్ట్రాల్లో డ్రమ్స్ సెట్లు మూలన పడ్డాయి. ఒక్క బ్యాగులో పట్టేస్తుంది, వ్యానులో జాగా మిగులుతుంది, బిగించడానికి అరగంట అక్కర్లేదు. రిసెప్షన్ వాళ్లు "డ్రమ్స్ వద్దులే అన్నా, ప్యాడ్ చాలు" అన్న ప్రతిసారీ నాకు కడుపులో దేవినట్టుండేది. పదేళ్లు దాని జోలికి పోలేదు.

నన్ను మార్చింది 80ల నాటి పాటలు. వాటిలో పైనుంచి కిందికి జారుతూ "డుయ్" మనే టామ్ డ్రమ్ము శబ్దం ఉంటుంది చూడు, నువ్వు కీబోర్డులో వేసేవాడివే, అది. చెక్క డ్రమ్ములో పుట్టిన శబ్దం కాదది. 1981లో ఇంగ్లండు నుంచి సిమన్స్ కంపెనీ ఆరు మూలల ప్యాడ్ల సెట్టు తెచ్చింది. ఆ శబ్దం లోకమంతా పాకింది దానితోనే. నా ఫ్లోర్ టామ్‌ను ఎంత బిగించినా, ఎంత వదులు చేసినా అది రాదు. వినేవాళ్లకేమో ఆ ఒక్క శబ్దంతోనే పాట గుర్తొస్తుంది. "నాది అసలైన డ్రమ్స్" అని పట్టుబట్టి ఆ శబ్దం ఎగ్గొట్టడం పాటకు అన్యాయం అనిపించింది.

పోయిన ఏడు చెన్నై వెళ్లి సెకండ్ హ్యాండ్‌లో రోలాండ్ ఎస్‌పీడీ-ఎస్‌ఎక్స్ కొన్నాను. దాని మీద తొమ్మిది ప్యాడ్లుంటాయి. మనం రికార్డు చేసుకున్న శబ్దాలను కూడా అందులోకి ఎక్కించుకోవచ్చు. కాలితో తొక్కే జంట సింబల్, హైహ్యాట్‌కు ఎడమ పక్కన బిగించాను. కాలితో కొట్టే కిక్ డ్రమ్ము అంచుకు, దెబ్బను పసిగట్టి ప్యాడ్‌కు చెప్పే ట్రిగ్గర్ ఒకటి తగిలించాను. ఇంట్లో వాయిస్తే అదిరిపోయింది.

మొదటి ప్రోగ్రాం రేణిగుంట రోడ్డులో ఒక రిసెప్షన్. రెండో పాటలో ప్యాడ్ కొట్టాను. ఏమీ వినపడలేదు.

ఇన్నేళ్లు వాయించినా నాకు అంతవరకూ తట్టని సంగతి అక్కడ తెలిసొచ్చింది. స్నేర్ డ్రమ్ము కొడితే శబ్దం నా మోకాళ్ల మధ్యే పుడుతుంది. ఎవరూ మైకు పెట్టకపోయినా నాకు వినపడుతుంది, పక్కన గిటార్ అతనికీ వినపడుతుంది. ప్యాడ్ అలా కాదు. రబ్బరు మీద "టప్" అంటుంది, అంతే. అసలు శబ్దం వైరు పట్టుకొని పోయి, ఎక్కడో మిక్సర్ దగ్గరున్న మనిషి శబ్దం పెంచే మీట, ఫేడర్ ఎత్తితేనే బయటికొస్తుంది. పద్దెనిమిదేళ్లుగా నా శబ్దం నా చేతుల్లోనే ఉండేది. ఎంత గట్టిగా, ఎంత మెల్లగా అన్నది నేనే చూసుకునేవాణ్ని. ఇప్పుడు అందులో సగం ఇంకొకరి వేలి కిందికి పోయింది. ఆ రాత్రి నిజంగా భయమేసింది మామా. వినపడక ప్యాడ్‌ను బాదాను. ఆ ఊపులో స్నేర్‌నూ బాదాను. పాట పాడే అమ్మాయి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

అది చాలదన్నట్టు క్రాష్ సింబల్ కొట్టిన ప్రతిసారీ ప్యాడ్‌లో రికార్డు చేసి పెట్టిన చప్పట్ల శాంపిల్ దానంతటదే మోగింది. ప్యాడ్‌ను క్రాష్ స్టాండుకే బిగించడం నా తప్పు. ప్యాడ్ లోపల దెబ్బను పసిగట్టే చిన్న సెన్సర్ ఉంటుంది. వణుకు తగిలితే అది దెబ్బ పడిందనుకుంటుంది. ఆ వణుకు నా స్టిక్ నుంచి వచ్చిందా, సింబల్ ఊగితే స్టాండు లోంచి వచ్చిందా అన్నది దానికి తెలియదు. సబ్ వూఫర్ బేస్‌కు డొల్ల చెక్క స్టేజీ అదిరినా అంతే. ఇప్పుడు ప్యాడ్‌కు వేరే స్టాండు కొన్నాను, దాని కాళ్ల కింద మందపాటి రబ్బరు వేశాను. ఎంత గట్టి దెబ్బకైతే మోగాలో చెప్పే త్రెషోల్డ్ అని ఒక సెట్టింగ్ ఉంది. పెంచితే ఈ దొంగ దెబ్బలు పోతాయి. కానీ మనం వేళ్ల చివర్లతో మెల్లగా వేసే దెబ్బలు కూడా వాటితోపాటే పోతాయి. అందుకే ముందు స్టాండు సంగతి సరిచేసి, ఆ సెట్టింగ్‌ను ఎంత తక్కువలో ఉంచగలనో అంత తక్కువలో ఉంచుతున్నాను.

లేటెన్సీ గురించి అందరూ భయపెట్టారు, ప్యాడ్ కొట్టాక శబ్దం ఆలస్యంగా వస్తుందని. కూర్చొని లెక్కేశాను. శబ్దం గాలిలో సెకనుకు దాదాపు 340 మీటర్లు పోతుంది. అంటే మూడు మీటర్ల దూరంలో మా వైపు తిప్పి పెట్టిన మానిటర్ స్పీకర్ లోంచి నా చెవికి చేరడానికే 9 మిల్లీసెకన్లు. ప్యాడ్ తీసుకునేది అంతకన్నా తక్కువే. ఇయర్‌ఫోన్లు పెట్టుకున్నాక ఆ దూరం కూడా లేదు, ఆ టెన్షనూ లేదు.

ఆ ఇయర్‌ఫోన్లే నన్ను నిలబెట్టాయి. చిన్న మిక్సర్ ఒకటి కొని నా పక్కనే పెట్టుకున్నాను. ప్యాడ్ ముందు దాంట్లోకి వస్తుంది, నా చెవికి ఎంత కావాలో నేనే పెట్టుకుంటాను. అక్కడి నుంచి, పొడుగు వైరులో పోయేలా సిగ్నల్‌ను సరిచేసే డీఐ బాక్సు గుండా సౌండ్ వాళ్లకు పోతుంది. జనరేటర్ కరెంటు మీద వచ్చే గుయ్‌మనే రొద కూడా ఆ బాక్సుతో చాలావరకు తగ్గింది. ఇంకో పని కూడా చేశాను. ఇంట్లో రెండు రోజులు కూర్చొని అన్ని శాంపిళ్లనూ స్నేర్ పక్కన వాయించి చూసి, ఒకదాని కంటే ఒకటి ఎగిరిపడకుండా లెవెల్స్ కట్టాను. ఇక సౌండ్ మనిషి ఫేడర్‌ను ఒకసారి ఒకచోట పెడితే చాలు, లోపల హెచ్చుతగ్గులు మళ్లీ నా చేతికొచ్చాయి.

అసలు చెప్పాలనుకున్నది ఇది. పోయిన నెల గంగమ్మ జాతరలో, వేషాలేసుకున్న జనం మధ్య నిలబడి, పలకలు, పంబ విన్నాను. చిన్నప్పటి నుంచీ వింటున్నదే. ఈసారి మాత్రం ఒక్కో దెబ్బనూ విడిగా విన్నాను. జాతర అయ్యాక పంబ వాయించే ఒక పెద్దాయన ఇంటికి పోయి అడిగాను, మీ శబ్దం రికార్డు చేసుకోనా అని. సంతోషంగా ఒప్పుకున్నాడు. ఒకదానిపై ఒకటి కట్టిన ఆ రెండు డోళ్ల మీద గట్టి దెబ్బ, మెత్త దెబ్బ, అంచు మీద, నడిమధ్య, అన్నీ వాయించి ఇచ్చాడు. ప్యాడ్‌లో ఎక్కించి, తీసుకెళ్లి ఆయనకే వినిపించాను. కళ్లు మూసుకొని విని, "శబ్దం నాదే నాయనా, నడక నాది కాదు" అన్నాడు.

నిజం. ఒకే దెబ్బ రికార్డును వరసగా ఎనిమిదిసార్లు మోగిస్తే ఎనిమిదీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆయన చేతిలో ఏ రెండు దెబ్బలూ ఒకటి కావు. ఇంటికొచ్చి ఒక్కో దెబ్బకూ రెండు రకాలు తీసి వేర్వేరు ప్యాడ్లలో పెట్టాను, చెయ్యి మార్చి మార్చి వాయిస్తున్నాను. కొంచెం దగ్గరికొచ్చింది. ఆ నడక కోసం ఆదివారం ఆదివారం ఆయన దగ్గరకు పోతున్నా, ప్యాడ్ లేకుండా, ఉత్త చేతులతో.

స్నేర్, హైహ్యాట్ మాత్రం ఎప్పటికీ మార్చను. కిక్‌కు కింద ఒక "ధమ్" కలిపానంతే, అది కూడా స్పీడు పాటల్లోనే.

వినాయక చవితికి ఇక్కడ పందిట్లో ప్రోగ్రాం ఉంది. రెండు రోజులు సెలవు పెట్టి రా. ఎంత బాగా కట్టుకున్నా స్టేజీ మీద నుంచి నాకు బయటి శబ్దం తెలియదు. నువ్వు వాయించొద్దు, మిక్సర్ దగ్గర నిలబడు. కిక్‌లో ఆ "ధమ్" ఎక్కువైతే, మునుపటి లాగా చెయ్యి కిందికి చూపించు. నేను చూస్తుంటా.

నీ
డ్రమ్స్ మామ