వార్షిక నివేదిక 2024–25: రొయ్యల చెరువులో తెరచాపల పందెం

సభ్యులందరికీ నమస్కారం.

ఈసారి నివేదికను సర్వసభ్య సమావేశానికి ముందే మీ చేతికి ఇస్తున్నాం. పోయినేడు నేను చివరి పేజీకి వచ్చేసరికి సగం మంది భోజనాల దగ్గర ఉన్నారు. ఈ ఏడాది మనం చేసిన పెద్ద పని ఒక్కటే, ఫిబ్రవరి 9 ఆదివారం నెల్లూరు నుంచి మైపాడు పోయే దారిలోని రొయ్యల చెరువులో జరిపిన పాతకాలపు మోడల్ యాట్‌ల, అంటే చిన్న తెరచాప పడవల పందెం. కాబట్టి ఎక్కువ భాగం దాని గురించే రాశాను.

కొత్తగా చేరినవాళ్ళ కోసం రెండు మాటలు. మన పడవలకు మోటారు ఉండదు. రేడియోతో మనం కదిపేవి చుక్కాని, తెరచాప తాడు, అంతే. నడిపేది గాలి. ‘పాత’ అని మనం పెట్టుకున్న నియమం ఏమిటంటే, నమూనా 1970కి ముందు గీసినదై ఉండాలి, ఒళ్ళు చెక్కతో కట్టి ఉండాలి. మన సభ్యుల దగ్గర ఉన్నవాటిలో ఎక్కువ మార్బుల్‌హెడ్ తరగతివి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని అదే పేరున్న ఊళ్ళో 1930ల మొదట్లో పుట్టిన తరగతి అది. పొడవు 50 అంగుళాలు, తెరచాప 800 చదరపు అంగుళాలు. ముఖ్యమైన కొలతలు ఈ రెండే, మిగతాదంతా చాలావరకు కట్టేవాడి ఇష్టం. కారు వెనక సీట్లో పడుతుంది, ఆటోలో పెడితే ముక్కు బయటికొస్తుంది.

ఈ పడవలు మనదాకా వచ్చిన తీరు కూడా చెప్పాలి. రెండు మూడు మాత్రమే ఇక్కడ కట్టినవి. మిగతావి అమెరికాలో, ఇంగ్లండులో ఉన్న పిల్లలు సెకండ్ హ్యాండ్‌లో కొని తెచ్చినవి. తేవడంలో తంటా అంతా పడవ ఒరిగిపోకుండా అడుగున ఉండే సీసంతోనే. పాత మార్బుల్‌హెడ్ బరువులో సగానికి పైగా సీసమే. విమానంలో 23 కిలోల పెట్టెలో అది పెడితే మిగతా సామాను తగ్గించుకోవాలి. అందుకని సీసం అక్కడే విప్పేసి, దాని అచ్చు గీత మాత్రం కాగితం మీద తెచ్చుకుంటున్నారు. ఇక్కడ చిరిగిపోయిన వలల నుంచి విప్పిన సీసం గుళ్ళు కిలోల లెక్కన దొరుకుతాయి. సీసం 327 డిగ్రీలకే కరుగుతుంది కాబట్టి పెద్ద కొలిమి అక్కర్లేదు. జనవరిలో మన కోశాధికారి గారి పెరట్లో ఇసుక అచ్చులో మూడు పోతలు పోశాం. మొదటిది పాడైంది. ఇసుకలో తేమ ఉంటే కరిగిన సీసం చిమ్ముతుంది, ఆ రోజు అదే జరిగింది. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ కాలేదు. ఇకమీదట కళ్ళద్దాలు, బూట్లు లేకుండా పోత దగ్గరకు ఎవరినీ రానివ్వం. పిల్లల్ని అసలే రానివ్వం, సీసం పొగ మంచిది కాదు.

చెరువు వెతుకులాట

పందెం ఎక్కడ పెట్టాలన్న దాని మీద కార్యవర్గంలో చాలాసేపు వాదన నడిచింది. మొదట అందరి నోటా వచ్చింది నెల్లూరు చెరువే. బారాషహీద్ దర్గా దగ్గర మొహర్రంకు రొట్టెల పండుగ జరిగే చెరువు, ఊరందరికీ తెలిసిన చోటు, జనం వస్తారు, ఫొటోలు బాగుంటాయి. వెళ్ళి చూస్తే మేము అనుకున్న వైపు గుర్రపుడెక్క పట్టి ఉంది. దాని వేళ్ళు పడవ అడుగు రెక్కకు చుట్టుకుంటే ఇక కదలదు. భవనాలను దాటి వచ్చే గాలి కూడా నిలకడగా ఉండదు, ఒకసారి ముఖాన కొట్టినట్టు వస్తుంది, మరుక్షణం ఆగిపోతుంది. అనుమతి కోసం ఒక ఆఫీసుకు వెళ్తే ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. ఆ రెండో ఆఫీసులో మళ్ళీ మొదటి ఆఫీసు కాగితమే అడిగారు. కనిగిరి రిజర్వాయరు గురించీ ఆలోచించాం. గాలి బ్రహ్మాండంగా ఉంది గానీ నీళ్ళు మరీ విశాలం. నూరు మీటర్లు దాటాక తెరచాప ఎటు వాలిందో కంటికి ఆనదు. ఇక నడిపేది దేన్ని?

అప్పుడు మన సభ్యుడొకరి బావమరిది, వనామీ రకం రొయ్యల సాగు చేసే రైతు, తన చెరువు ఇస్తానన్నారు. రెండెకరాల చెరువు, పొడవు తూర్పు పడమరలుగా ఉంది, చుట్టూ నడవడానికి గట్టు, చుట్టుపక్కల చెట్టన్నది లేదు, సముద్రం దగ్గరే. మనకు కావలసింది సరిగ్గా అదే. చెరువు ఆరబెట్టి, నీళ్ళు పెట్టి, బ్లీచింగ్ కొట్టి, ఆ ఘాటు పోయేదాకా రొయ్య పిల్ల వేయరు. ఆ నడుమ దొరికే కొద్ది రోజులే మనకు అవకాశం.

రైతు పెట్టిన షరతు ఒక్కటే. “పందేలు ఎన్నైనా ఆడుకోండి సార్, బయటి చెరువు నీళ్ళ చుక్క మాత్రం నా నీళ్ళలో పడకూడదు” అన్నారు. ఆయన భయం రొయ్యలకు వచ్చే తెల్లమచ్చల వ్యాధి గురించి. అది పీతల ద్వారా, నీళ్ళ ద్వారా, పనిముట్ల ద్వారా పక్క చెరువు నుంచి వచ్చేస్తుంది. అందుకే గట్టు చుట్టూ పీతలు ఎక్కకుండా వల కంచె కట్టి ఉంటుంది. ప్రతి పడవనూ ముందురోజే బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, ఎండలో ఆరబెట్టి తెచ్చాం. వార్నిష్ పోతుందని కొందరు గొణిగారు. నిజమే, రెండు పడవలకు కాస్త తెల్లబారింది. గేటు దగ్గర పర్మాంగనేట్ తొట్టిలో కాళ్ళు ముంచి లోపలికి వచ్చాం, అధ్యక్షుల వారితో సహా.

నీళ్ళలో గాలి కలిపే ఏరియేటర్లన్నీ రైతే గట్టెక్కించారు. కాకులు, కొంగలు వాలకుండా చెరువు మీద కట్టే దారాలు మాత్రం మాకు తట్టలేదు. మార్బుల్‌హెడ్ తెరచాప కొయ్య చివర నీటి మట్టం నుంచి ఇంచుమించు రెండు మీటర్లు ఉంటుంది, దారాలు అంతకంటే కిందే ఉన్నాయి. ముందురోజు సాయంత్రం ట్రయల్‌లో మొదటి పడవ దారానికి తగులుకుని గాలిపటంలా వేలాడింది. పనివాళ్ళు రాత్రి లైట్లు పెట్టుకుని తూర్పు సగంలో దారాలన్నీ విప్పారు. వాళ్ళకు మన సంఘం తరఫున బట్టలు పెట్టాం, అది ఖర్చు పద్దులో ఉంది.

తెరచాపలు, రేడియోలు

కొత్త తెరచాపల కోసం ప్లాస్టిక్ ఫిల్మ్ వాడటం సులువే గానీ పాత పడవకు నూలు తెరచాపే అందం. ఈ పనిలో మాకు మార్గం చూపింది పాటూరు మగ్గం మీద పనిచేసే పెద్దాయన. మేము గుడ్డను ఎలా పడితే అలా కత్తిరించబోతే ఆపి, ఒక ముక్క చేతికిచ్చి లాగి చూడమన్నారు. పడుగు, అంటే పొడవు దారాల వెంట లాగితే సాగదు. ఐమూలగా లాగితే రబ్బరులా సాగుతుంది. తెరచాప వెనక అంచు మీదే లాగుడంతా పడుతుంది కాబట్టి ఆ అంచు పడుగు వెంట రావాలి. విదేశాల్లో పాత తెరచాపలు కుట్టేవాళ్ళు పాటించిందీ ఇదే పద్ధతి. ఆయనకు మన పడవల సంగతి తెలియకపోయినా గుడ్డ సంగతి తెలుసు. తెరచాప తాళ్ళ కోసం చిన్న చిన్న కప్పీలు ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసేవాళ్ళ చేత చేయించాం. బొటనవేలి గోరంత కప్పీ, అందులో తిరిగే చక్రం. ధర చెప్తే నమ్మరు, పద్దులో చూడండి.

రేడియోల విషయంలో జాగ్రత్తగా ఉండాల్సి వచ్చింది. వచ్చిన తొమ్మిది పడవల్లో నాలుగింటికి పాత 27 మెగాహెర్ట్జ్ సెట్లే ఉన్నాయి. మన దేశంలో 26.957 నుంచి 27.283 మెగాహెర్ట్జ్ దాకా తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కర్లేదు, సెట్ ఏ తరంగం మీద పనిచేయాలో తేల్చే మన క్రిస్టళ్ళన్నీ ఆ లోపే ఉన్నాయి. ఇబ్బంది ఎక్కడంటే, పాత సెట్లలో ఒకే రంగు క్రిస్టల్ ఇద్దరి దగ్గర ఉంటే ఇద్దరి మాటా ఒకే పడవ వింటుంది. గోధుమ, ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ, నీలం, ఉన్నవి ఈ ఆరు రంగులే. అందుకని గట్టు మీద ఒక బల్లకు ఆరు రంగుల బట్టల క్లిప్పులు పెట్టాం. తన రంగు క్లిప్పు చేతికి వచ్చాకే సెట్ ఆన్ చేయాలి. ఇది పాతకాలం క్లబ్బుల్లో పాటించిన పద్ధతే. ఒకదానికొకటి అడ్డురాని 2.4 గిగాహెర్ట్జ్ సెట్లు వచ్చాక అందరూ మరిచిపోయారు.

మనవాళ్ళూ మరిచిపోయారు. రెండో పందెం ముందు ఒక సభ్యుడు క్లిప్పు తీసుకోకుండా షామియానా కింద కూర్చుని సెట్ పరీక్షించుకున్నారు. నీటి మీదున్న ఇంకొకరి పడవ ఉన్నట్టుండి గిర్రున తిరిగి నేరుగా గట్టుకు వచ్చి గుద్దుకుంది. ముక్కున ఉన్న రబ్బరు బొడిపె వల్ల చెక్క చెక్కుచెదరలేదు. ఇద్దరూ మంచి స్నేహితులు కాబట్టి సరిపోయింది.

ఉప్పునీళ్ళు తగలకుండా పడవల్లోని రేడియో రిసీవర్లను బెలూన్‌లో పెట్టి మూతి కట్టాం. కనెక్టర్లకు వాజిలిన్ రాశాం. రెండు రూపాయల బెలూన్ రెండువేల రూపాయల రిసీవర్‌ను కాపాడింది. బెలూన్ వద్దన్న ఒక్కరి సెట్టే సాయంత్రానికి మూగబోయింది.

ఆ రోజు

ఉదయం పదిన్నర దాకా నీటి మీద ముడత కూడా లేదు. ఇడ్లీలు అయిపోయాయి, టీ రెండోసారి వచ్చింది, చూడటానికి వచ్చిన కుర్రాళ్ళు “సార్, ఫ్యాన్ పెట్టమంటారా” అని అడగడం మొదలుపెట్టారు. నాకు టెన్షన్ పట్టుకుంది. మైపాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, ఇప్పుడు వేటకు పోవడం మానేశారు, తూర్పు దిక్కు చూసి “ఎండ ఎక్కనీండి సార్, పన్నెండు లోపల సంద్రం గాలి ఎత్తుద్ది” అన్నారు. పదకొండున్నరకు ఎత్తింది. సాయంత్రం దాకా ఆగలేదు.

తూర్పు నుంచి గాలి, దారాలు విప్పిన తూర్పు సగంలో ఎదురు గాలికి పోవడం, గాలి వాటున తిరిగి రావడం. మలుపు గుర్తులుగా వలలకు కట్టే బెండ్లను ఇటుకలకు కట్టి దించాం. స్టార్ట్‌కు ముందు లెక్కింపు ఒక సభ్యుడి కూతురి గొంతుతో రికార్డు చేసి మైకులో పెట్టాం. ఆ అమ్మాయి “మూడు, రెండు, ఒకటి” అంటుంటే గట్టు మీద జనమంతా అందుకునేవాళ్ళు.

నియమాలు రేడియో పడవలకు ప్రపంచమంతా వాడేవే. కుడివైపు నుంచి గాలి తీసుకునే పడవకు ఎడమవైపు నుంచి తీసుకునేది దారివ్వాలి. బెండు తగిలితే ఒక చుట్టు తిరగాలి. పాయింట్లు తక్కువ వచ్చినవాళ్ళే గెలుపు, మొదటి స్థానానికి ఒకటి, రెండో స్థానానికి రెండు. మధ్యలో ఆగిపోతే పడవల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ, అంటే మనకు పది. ఆరు పందేల్లో ఒక చెత్త ఫలితం తీసేశాం.

మొదటి రెండు పందేల్లో మనవాళ్ళంతా దగ్గర దారని తూర్పు గట్టు పక్కకు చేరి అక్కడే నిలబడిపోయారు. ఆ పెద్దాయన మళ్ళీ కల్పించుకున్నారు. “ఆ గట్టు ఎత్తు సార్. గాలి పైనుంచే పోద్ది, కింద ఉండదు. నడిమికి రమ్మనండి.” మాట విన్నది ఆయన మనవడు ఒక్కడే. ఇంటర్ చదివే ఆ కుర్రాడు ఆ రోజే మొదటిసారి సెట్ పట్టాడు, మన క్లబ్బు పడవ ఇచ్చాం. చివరికి మూడో స్థానం వాడిదే. కావలి నుంచి వచ్చిన రిటైర్డ్ ఫిజిక్స్ లెక్చరర్ గారు తొమ్మిది పాయింట్లతో గెలిచారు. మన ఉపాధ్యక్షులు పదకొండుతో రెండో స్థానం. ఐదో పందెంలో బెండు తగిలిందా లేదా అన్నదాని మీద ఈ ఇద్దరి మధ్య జరిగిన వాదన ఇంకా ముగియలేదని విన్నాను. అంపైర్ తగల్లేదన్నారు, కార్యవర్గానికి అదే ఖాయం.

ఆగిపోయిన పడవల్ని తేవడానికి మేత చల్లే తెప్ప వాడాం. మనలో ఒకరు ఉత్సాహంగా దిగి మోకాలి లోతు బురదలో ఇరుక్కున్నారు. ఫొటో అడగొద్దు, ఆయన వద్దన్నారు.

భోజనాల తరువాత రేడియో లేని కాలంలో ఎలా ఆడేవారో చూపించాం. పడవ వెనక చిన్న గాలి రెక్క, దానికి జోడించిన చుక్కాని. గాలికీ పడవకూ ఉండాల్సిన కోణం ముందే కుదిర్చి వదిలేస్తే తన దారి తానే పట్టుకుంటుంది. గట్టుకు వస్తే కర్రతో తిప్పి మళ్ళీ నీళ్ళలోకి తోస్తారు. రెండేసి పడవలకు పోటీ, ఎదురుగాలికి గెలిస్తే మూడు పాయింట్లు, గాలివాటున గెలిస్తే రెండు. గట్టు వెంట పరుగులు పెట్టాలి కాబట్టి పెద్దవాళ్ళు రెండు చుట్లకే కూర్చున్నారు, కర్రలు పిల్లల చేతికి పోయాయి. నా లెక్కన ఆ రోజు అందరికంటే ఎక్కువ సంతోషపడినది వాళ్ళే.

మిగతా విషయాలు

అక్టోబరు వాయుగుండం వానలకు ఆ నెల సమావేశం నవంబరుకు వాయిదా పడింది. డిసెంబరులో రెండు హైస్కూళ్ళలో పడవలు చూపించాం. సంఘాల చట్టం కింద ఏటా దాఖలు చేయాల్సిన కాగితాలు కొత్త కార్యవర్గం పేర్లతో సిద్ధం చేశాం. జమా ఖర్చులు కోశాధికారి గారు వేరే కాగితంలో ఇచ్చారు. పందెం ఖర్చులో సగానికి పైగా భోజనాలదే. చేపల పులుసు తగ్గించమని ఒక సభ్యుడు రాతపూర్వకంగా కోరారు, మిగతావాళ్ళు ఒప్పుకోలేదు.

వచ్చే ఏడాది నెల్లూరు చెరువులోనే పెట్టాలని, మంత్రిగారిని పిలవాలని ఒక ప్రతిపాదన ఉంది. సభ్యులు ఎలా తీర్మానిస్తే అలాగే చేద్దాం. నా అభిప్రాయం మాత్రం రొయ్యల చెరువే. అక్కడ గాలి ఉంది, గట్టు ఉంది, అడ్డు చెప్పేవాళ్ళు లేరు. వేదిక, దండలు, ఉపన్యాసాలు పెట్టుకుంటే సముద్రపు గాలి వచ్చే వేళకు మనం ఇంకా స్వాగతోపన్యాసంలోనే ఉంటాం. రైతు మళ్ళీ ఇస్తామన్నారు. పిల్ల ఎప్పుడు వేస్తారన్న దాన్ని బట్టి తేదీ ఉంటుంది కాబట్టి జనవరి చివరిదాకా ఖాయంగా చెప్పలేం. పాత 27 మెగాహెర్ట్జ్ సెట్లు కొనసాగించాలా అన్నది కూడా సమావేశంలో తేల్చాలి. కొనసాగిస్తే క్లిప్పుల బల్ల దగ్గర రోజంతా ఒకరు కూర్చోవాలి, ఆ పేరు ఇప్పుడే ఇవ్వండి.

సర్వసభ్య సమావేశం ఏప్రిల్ 13 ఆదివారం ఉదయం పది గంటలకు. చందా బాకీ ఉన్నవాళ్ళు ఆ రోజు కట్టేయాలి. సీసం పోత పోసే పెద్ద గరిటె, ఆకుపచ్చ క్లిప్పు ఎవరి దగ్గరున్నాయో వాళ్ళు అదే రోజు తెచ్చివ్వాలి.

కార్యదర్శి