వలస కళాకారులకు సొంతగడ్డ మీద చోటేదీ?

సంపాదకులకు,

పాలమూరు నుంచి ముంబయి, పుణెలకు మట్టిపనులకు వెళ్లిన కుటుంబాలలోను, నల్లగొండ నుంచి భివండి, సోలాపూర్ మరమగ్గాలకు చేరిన నేత కుటుంబాలలోను పుట్టి పెరిగి, అక్కడి బస్తీలలోనే పాట నేర్చిన కళాకారులను ఇక్కడి వేదికల మీద ‘బొంబాయివాళ్లు’ అని దూరం పెట్టడం విచారకరం. వలస గురించి పాడేవారిని మనం సత్కరిస్తాం (అది మంచిదే). వలసలో పుట్టిన గొంతు మాత్రం మనకు పరాయిదే.

2022లో కిన్నెర కళాకారుడు మొగులయ్యకు, 2024లో బుర్రవీణ కళాకారుడు దాసరి కొండప్పకు పద్మశ్రీ దక్కినప్పుడు ఉమ్మడి పాలమూరు జిల్లా గర్వించింది. ఆ రెండు తంతివాద్య కళలూ ఊరూరా తిరిగి బతికినవే.

జిల్లా ఉత్సవాలకు కళాకారులను ఎంపిక చేసేటప్పుడు, ప్రస్తుత చిరునామాతో నిమిత్తం లేకుండా, తల్లిదండ్రుల సొంతూరిని కూడా పరిగణనలోకి తీసుకోవాలని భాషా సాంస్కృతిక శాఖను కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్