పాత డిస్కు పీకే ముందు ఈ ఉత్తరం చదువు

ఒరేయ్ మావా,

నీ మెసేజ్ వచ్చి నాలుగు రోజులైంది. "లాప్‌టాప్ డిస్కు మార్చావట కదా, నేనూ మారుద్దామనుకుంటున్నా, పనెలా ఉంటుంది?" అని ఒక్క ముక్క అడిగి ఊరుకున్నావు. ఫోన్ చేద్దామంటే నువ్వెప్పుడూ మీటింగులోనే ఉంటావు. పైగా ఇది రెండు నిమిషాల్లో తేలే కథ కాదు. అందుకే ఆదివారం పూట ఫ్యాను కింద కూర్చుని రాస్తున్నాను. తీరిగ్గానే చదువు గానీ, స్క్రూడ్రైవర్ చేతిలోకి తీసుకోక ముందే చదువు.

మా లాప్‌టాప్ నీకు గుర్తుండే ఉంటుంది. 2014 వేసవిలో కొన్నాను. ఆ అక్టోబరులోనే హుద్‌హుద్ వచ్చింది. తుఫాను వెళ్లాక మనిద్దరం బీచ్ రోడ్డంతా నడుచుకుంటూ, కూలిన చెట్లనీ వంగిపోయిన స్తంభాలనీ ఫొటోలు తీశాం చూడు, అవన్నీ దాని కడుపులోనే ఉన్నాయి. ఇంకెక్కడా కాపీ లేదు. నన్ను తిట్టకు, ఆ పని మీ చెల్లెలు ఇప్పటికే చేసేసింది.

పోయిన నెల ఒక రాత్రి దాంట్లోంచి టిక్, టిక్ అని చప్పుడు మొదలైంది. నేను ఫ్యానులో దుమ్మనుకున్నాను. పక్క గదిలోంచి నాన్నగారు, "గోడ గడియారం బాగయిందేట్రా?" అని అడిగారు. నిమిషానికి 5,400 సార్లు తిరిగే డిస్కది. దాని మీద రాతను చదివే ముల్లు దారి తప్పి, వెనక్కెళ్లి, మళ్లీ వచ్చి, మళ్లీ తప్పుతుంటే ఆ చప్పుడు వస్తుంది. అంటే రోజులు దగ్గరపడ్డట్టే.

మర్నాడే ద్వారకానగర్ వెళ్లి ఎస్‌ఎస్‌డి, అదే, తిరిగే భాగాలేవీ లేని కొత్తరకం డిస్కు తెచ్చాను. షాపు కుర్రాడు మంచివాడే. "ఇక్కడ పెట్టి వెళ్లండి సార్, విండోస్, డ్రైవర్లు అన్నీ వేసి సాయంత్రం ఇచ్చేస్తాం" అన్నాడు. డ్రైవర్లంటే లోపలి ఒక్కో పరికరంతో ఎలా పని చేయించుకోవాలో విండోస్‌కి చెప్పే చిన్న ప్రోగ్రాములు. నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. నాలుగు స్క్రూల పనికి ఇంకొకడికి డబ్బులివ్వడమేంటని ఇంటికి తెచ్చేశాను. స్క్రూల పని నిజంగానే పావుగంటలో అయిపోయింది. మిగతాదానికి మూడు రాత్రులు పట్టింది.

ముందు పాత డిస్కుని ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి క్లోన్ చేద్దామనే చూశాను. అది కుదిరితే ఏ గొడవా ఉండదు, డ్రైవర్లతో సహా అన్నీ వచ్చేస్తాయి. నీ డిస్కు ఆరోగ్యంగా ఉంటే నువ్వు కళ్లు మూసుకుని అదే చెయ్యి. నాది సగం దారిలో చదవలేని చోటు తగిలి ఆగిపోయింది. సరే అని పెన్‌డ్రైవ్ నుంచి విండోస్ 10 కొత్తగా వేశాను. 11 ఎందుకు వేయలేదంటావేమో. దానికి ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసర్ నుంచి కావాలట, మాది నాలుగో తరం. 10కి మైక్రోసాఫ్ట్ సపోర్టు 2025 అక్టోబరు 14తోనే ఆగిపోయింది. పేరు నమోదు చేసుకున్న ఇళ్లలోని కంప్యూటర్లకి సెక్యూరిటీ అప్‌డేట్లు మాత్రం ఇంకో ఏడాది ఇస్తామన్నారు. నాన్నగారి పెన్షన్ కాగితాలకీ పాప ప్రాజెక్టులకీ అది చాలు. లైసెన్సు గురించి భయపడ్డాను గానీ, అది మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుందట. డిస్కు మారినా, నెట్ తగలగానే దానంతటదే యాక్టివేట్ అయింది.

కానీ నెట్ తగలాలి కదా! అసలు కథ అక్కడే.

విండోస్ లేచింది. అక్షరాలు ముంజకాయలంత ఉన్నాయి. వెలుతురు తగ్గించే బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు. పాట పెడితే శబ్దం లేదు. టచ్‌ప్యాడ్ మీద రెండు వేళ్లు పెట్టి జరిపితే పేజీ కదలదు. కింద మూల వైఫై గుర్తే లేదు. నెట్ కేబుల్ పెట్టుకుందామంటే లాన్ కూడా పనిచేయడం లేదు. నేనేదో తీగ తెంపేశానేమో అని మళ్లీ మొత్తం విప్పి చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి.

డ్రైవర్లంటే మిషన్‌తో పాటే ఉంటాయని ఇన్నాళ్లూ నా నమ్మకం రా. అవి ఉండేది డిస్కులో. కంపెనీవాళ్లు ఇబ్బందొస్తే వాడుకోమని దాచిపెట్టే రికవరీ భాగం కూడా ఆ డిస్కులోనే ఒక మూల ఉంటుంది. మనం పాత డిస్కు పీకి సొరుగులో పడేశామంటే వాటినీ పడేసినట్టే. కొత్త విండోస్ పరిస్థితి బదిలీ మీద వచ్చిన కొత్త ఆఫీసరు పరిస్థితి. సిబ్బంది అంతా ఎవరి కుర్చీలో వాళ్లున్నారు. ఎవరి పేరేంటో, ఎవరు ఏ పని చేస్తారో ఆయనకి తెలియదు.

లోపలి పరికరాల జాబితా చూపించే డివైస్ మేనేజర్ తెరిస్తే అదర్ డివైసెస్ కింద పసుపు త్రికోణాలు, ఏడు. దేని మీద నొక్కినా కోడ్ 28 అనే వస్తోంది. ఈ పరికరానికి డ్రైవర్ వేయలేదు అని దానర్థం. స్క్రీన్‌కి మాత్రం మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్ అని ఒకటి తగిలించి ఉంది. ఏ కంప్యూటర్‌కైనా ఎలాగోలా బొమ్మ చూపించడానికి విండోస్ దగ్గర ఉండే ఆపద్ధర్మ డ్రైవర్ అది. అందుకే ఆ ముంజకాయలు.

ఇక్కడ చిక్కేంటో చూడు. చాలా డ్రైవర్లని విండోస్ అప్‌డేటే వెతికి తెచ్చుకుంటుంది, కానీ దానికి నెట్ కావాలి. నెట్ రావాలంటే వైఫై డ్రైవర్ కావాలి. పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదు, పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు!

మొదటి రాత్రి ఆ దిగులుతోనే పడుకున్నాను. రెండో రోజు ఆఫీసులో మా కుర్రాడొకడు, "ఫోన్ యూఎస్‌బీతో కలిపి టెథరింగ్ ఆన్ చేయండి సార్, విండోస్ 10 దాన్ని నెట్‌వర్క్ కార్డులా చూస్తుంది, డ్రైవర్ అడగదు" అన్నాడు. టెథరింగ్ అంటే ఫోన్‌లోని నెట్‌ని కంప్యూటర్‌కి అందించడం. ఇంటికొచ్చి కలిపాను. ఫోన్ చార్జ్ అవుతోంది గానీ టెథరింగ్ బటన్ వెలగదు. అరగంట కొట్టుకున్నాక తెలిసింది, ఆ కేబుల్‌లో చార్జింగ్ తీగలే తప్ప డేటా తీగలు లేవు. కాంప్లెక్స్ దగ్గర ఫుట్‌పాత్ మీద బేరమాడి మరీ కొన్న కేబుల్! ఫోన్‌తో పాటు డబ్బాలో వచ్చింది వెతికి పెడితే టక్కున నెట్ వచ్చింది. ఇంకో మాట, ఫోన్ అప్పటికే ఇంటి వైఫైలో ఉంటే టెథరింగ్‌లో ఆ వైఫైయే లాప్‌టాప్‌కి వెళుతుంది. నీ మొబైల్ డేటా కరగదు.

సెట్టింగ్స్‌లో అప్‌డేట్, దాన్లో ఆప్షనల్ అప్‌డేట్స్‌లో డ్రైవర్లు విడిగా ఉంటాయి, అన్నిటికీ టిక్కు పెట్టాను. ఓ పావుగంటకి స్క్రీన్ ఒక్క క్షణం నల్లబడింది. నా గుండె ఆగింది. మళ్లీ వెలిగేసరికి అక్షరాలు సన్నగా, ముత్యాల్లా ఉన్నాయి. తర్వాత శబ్దం వచ్చింది, వైఫై వచ్చింది. రీస్టార్ట్ చేసి చూస్తే ఏడు త్రికోణాల్లో నాలుగు పోయాయి.

మిగిలిన మూడింటితోనే నా బుద్ధి గడ్డి తింది. మోడల్ పేరు కొట్టి డ్రైవర్ అని వెతికితే మొదట వచ్చే సైట్లన్నీ పెద్ద పచ్చ బటన్లే. ఒకటి నొక్కాను. అదేదో స్కానర్ దిగి, నిమిషంలో 31 డ్రైవర్లు పాతబడ్డాయి, డబ్బు కట్టు అంది. మావా, నేను ముందు రాత్రే విండోస్ వేశాను, నా దగ్గర ఉన్నవే అన్ని లేవు! వెంటనే తీసేశాను. ఆ జోలికి నువ్వు చచ్చినా వెళ్లకు. డ్రైవర్ అంటే విండోస్ గర్భగుడిలోకి అడుగు పెట్టేది. దారినపోయేవాణ్ని అక్కడికి రానిస్తామా?

సరైన దారి వేరే ఉంది, నాకు బాగా నచ్చింది కూడా. త్రికోణం మీద నొక్కి, ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్‌కి వెళ్లి, అక్కడ హార్డ్‌వేర్ ఐడీ చూడు. పొడుగ్గా ఒక గజిబిజి కోడ్ ఉంటుంది. దాన్లో వీఈఎన్ తర్వాత వచ్చేది తయారుచేసినవాడి నంబరు, డీఈవీ తర్వాతది వస్తువు నంబరు. మనిషి ఇంటిపేరూ సొంతపేరూ లాగన్నమాట. 10ఈసీ అంటే రియల్‌టెక్, 14ఈ4 అంటే బ్రాడ్‌కామ్, 10డీఈ అంటే ఎన్విడియా. ఇంటెల్ నంబరేంటో తెలుసా? 8086! కాలేజీలో మైక్రోప్రాసెసర్స్ ల్యాబులో మనల్ని ఏడిపించిన చిప్పు, 1978 నాటిది. వాళ్లు దాన్నే ఇంటిపేరుగా పెట్టుకున్నారు. అర్ధరాత్రి పన్నెండున్నరకి అది చూసి ఒక్కణ్నే నవ్వుకున్నాను.

అలా చూస్తే పీసీఐ సింపుల్ కమ్యూనికేషన్స్ కంట్రోలర్ అని వినయంగా పేరు పెట్టుకున్నది ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ అని, చిప్‌సెట్‌లోనే ఉండే ఒక చిన్న కంట్రోలర్ అని తేలింది. ఎస్‌ఎం బస్ కంట్రోలర్ అన్నది చిప్‌సెట్ డ్రైవర్ వేస్తే పోయేది. నిజానికి చిప్‌సెట్‌దే అందరికన్నా ముందు వెయ్యాలి. బోర్డు మీద ఎవరెవరున్నారో విండోస్‌కి పరిచయం చేసేది అదే. నేను తోకనుంచి మొదలుపెట్టాను. కంపెనీ సైట్లో మన సీరియల్ నంబర్ కొడితే అసలైనవి దొరుకుతాయి. అడుగున స్టిక్కర్ అరిగిపోతే బయోస్, అంటే విండోస్ కన్నా ముందు లేచే సెట్టింగుల స్క్రీన్, మొదటి పేజీలో ఆ నంబర్ కనిపిస్తుంది.

ఆ సైట్లో వెతుకుతుండగానే బుర్రలో బల్బు వెలిగింది. ఇవన్నీ సొరుగులో ఉన్న పాత డిస్కులో ఉన్నాయి కదా! ఎస్‌ఎస్‌డితో పాటు కొన్న యూఎస్‌బీ కేబుల్‌కి దాన్ని తగిలించాను. టిక్, టిక్. ఎంతసేపు బతుకుతుందో తెలియదు. ముందు ఫొటోలు. రెండు చోట్ల ఆగి, ఆయాసపడి, మొత్తానికి ఇచ్చింది. హుద్‌హుద్ ఫోల్డర్‌లో మూడు ఫొటోలు తెరుచుకోలేదు, మిగతావన్నీ దక్కాయి. తర్వాత పాత విండోస్ ఫోల్డర్‌లో సిస్టమ్32, దాన్లో డ్రైవర్‌స్టోర్, దాన్లో ఫైల్‌రిపాజిటరీ. అన్నేళ్లలో వేసిన డ్రైవర్లన్నీ అక్కడ వరసగా ఉన్నాయి. ఆ ఫోల్డర్‌ని కాపీ చేసి, డివైస్ మేనేజర్‌లో త్రికోణం మీద కుడి నొక్కు నొక్కి, అప్‌డేట్ డ్రైవర్, నా కంప్యూటర్‌లో వెతుకు అని ఆ ఫోల్డర్ చూపించాను. లోపలి ఫోల్డర్లూ చూడమనే టిక్కు మర్చిపోకూడదు. తనకి కావాల్సింది తనే ఏరుకుంది. పాతదీ కొత్తదీ రెండూ 64 బిట్ విండోస్ 10 కాబట్టి పేచీ రాలేదు.

చివరికి ఒక్కటి మిగిలింది. పేరు అన్‌నోన్ డివైస్. దానికి ఆ వీఈఎన్‌లూ డీఈవీలూ లేవు, కోడ్ చివర ఎస్‌ఎంఓ8800 అని మాత్రం ఉంది. పాత డిస్కులో దాని డ్రైవర్ కూడా ఉంది. వేశాక పేరు బయటపడింది. లాప్‌టాప్ చేతిలోంచి జారి పడుతుంటే ఆ పడడాన్ని పసిగట్టి, నేలకి తగిలేలోపు హార్డ్‌డిస్కు ముల్లుని పక్కకి లాగేసే సెన్సర్ అట! ఇప్పుడు లోపల తిరిగే డిస్కూ లేదు, ముల్లూ లేదు. రాజుగారు పోయినా ద్వారపాలకుడు డ్యూటీలో ఉన్నాడు. వాడి కోసం ఒక రాత్రంతా వెతికాను. మీ చెల్లెలికి చెబితే, "ఆ షాపు కుర్రాడికి ఇచ్చుంటే సాయంత్రానికి అయిపోయేది" అంది. నేను టీ తాగే నెపంతో బయటకి జారుకున్నాను.

ఇక నీ సంగతి. నీది కరోనా రోజుల్లో కొన్న పదకొండో తరం ఇంటెల్ కదా. నీకు నా కష్టాలన్నీ రావు, వేరేవి వస్తాయి. విండోస్ వేసేటప్పుడు డిస్కే లేదు అనొచ్చు. డిస్కు పాడైందని షాపుకి పరిగెత్తకు. ఆ తరం నుంచి చాలా లాప్‌టాప్‌లలో డిస్కు వీఎండీ అనే కంట్రోలర్ చాటున ఉంటుంది. ఇంటెల్ ర్యాపిడ్ స్టోరేజ్ డ్రైవర్‌ని విప్పి ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఆ స్క్రీన్ మీద లోడ్ డ్రైవర్ నొక్కి చూపిస్తే డిస్కు ప్రత్యక్షమవుతుంది.

రెండోది, అసలు మర్చిపోకూడనిది. నీ డిస్కు బిట్‌లాకర్‌తో తాళం వేసి ఉండొచ్చు. కొత్త లాప్‌టాప్‌లలో మనకి చెప్పకుండానే వేస్తారు. అదుంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా నాలాగా పాత డిస్కు తగిలించి ఫైళ్లు లాక్కోవడం కుదరదు. నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఆ కీ ఉందో లేదో ముందు చూసి, కాగితం మీద రాసి పెట్టుకో.

ఆ తర్వాత, పాత డిస్కు ఇంకా లోపల ఉండగానే డ్రైవర్లన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లోకి తీసెయ్యి. పీఎన్‌పీయుటిల్ అని ఒక కమాండ్ ఉంది, ఒక ఖాళీ ఫోల్డర్ చేసి దారి చూపిస్తే విండోస్‌తో రానివన్నీ అందులో పెట్టేస్తుంది. కమాండ్ ప్రాంప్ట్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరవాలి. స్పెల్లింగు వాట్సాప్‌లో పంపుతాను, ఉత్తరంలో చూసి కొడితే నువ్వు చుక్కో గీతో మింగేస్తావు.

నీ లాప్‌టాప్ అడుగున ఉన్న స్టిక్కర్‌ని ఒక ఫొటో తీసి పంపు. ఏ కంట్రోలరో, ఏ వైఫై కార్డో నేను చూసి చెబుతాను. ఇప్పుడు నాకు ఆ నంబర్లు ఇంటిపేర్లలా నోటికొచ్చేశాయి. హుద్‌హుద్ ఫొటోలు ఒక కాపీ నీకోసం వేసి ఉంచాను. వాటిలో ఒకదాంట్లో నువ్వు పడిపోయిన చెట్టెక్కి, అడవి కొట్టిన వీరుడిలా నిలబడి ఉన్నావు. చెల్లెమ్మకి చూపిస్తాను, పండక్కి రా.

అన్నట్టు నాన్నగారు నిన్న అడిగారు, గడియారం మళ్లీ ఆగిపోయిందేట్రా అని.

ఇట్లు,
నీ మావ
కంచరపాలెం, విశాఖ