తోడు పెట్టెలు ఎందుకు ఆలస్యమయ్యాయంటే

దసరాకి ఇస్తామన్న రెండో విడత తోడు పెట్టెలు ఇంకా మా వర్క్‌షాప్‌లోనే ఉన్నాయి. డబ్బు కట్టి ఎదురు చూస్తున్న మీకు జరిగింది జరిగినట్టు చెప్పాలి.

కొత్తవారి కోసం ఒక్క మాట. బొబ్బిలి వీణలు చెక్కే పనస చెక్కతోనే చేసిన చిన్న పెట్టె ఇది. అరచెయ్యి ఆనిస్తే తంబుర నాదం మెల్లగా లేస్తుంది. చెయ్యి ఎంత నిలకడగా ఉంటే నాదం అంత నిండుగా వస్తుంది, తీసేస్తే సద్దుమణుగుతుంది. ఎలక్ట్రానిక్ తంబుర అయితే స్విచ్ వేసి మన పని మనం చేసుకోవచ్చు. దీని దగ్గర మాత్రం కూర్చోవాల్సిందే.

మొదటి విడతలో కొన్ని పెట్టెలు ఎవరూ ముట్టకుండానే మోగాయి. రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచానని ఒకావిడ ఫోన్ చేశారు. ప్రశాంతత కోసం కొన్న వస్తువు ఆమెకి టెన్షన్ పెట్టింది. ఆ రోజంతా నాకు వేరే పని చేయబుద్ధి కాలేదు. కారణం పట్టుకోవడానికి మూడు వారాలు పట్టింది. చెక్క కింద ఉన్న రాగి రేకు చెయ్యి దగ్గరకి రాగానే విద్యుత్‌లో వచ్చే చిన్న మార్పుని పసిగడుతుంది. ఎర్త్ లేని రెండు పిన్నుల ఛార్జర్ నుంచి వచ్చే అలజడిని కూడా అది చెయ్యే అనుకుంది. మేము పరీక్షించింది ఎర్త్ ఉన్న సప్లై మీద. నాలుగిళ్లలో పెట్టి చూడకుండా అమ్మడం నా తప్పే. ఇప్పుడు లోపల బ్యాటరీ పెట్టాం, ఛార్జింగ్‌లో ఉన్నంతసేపూ పెట్టె పలకదు.

నాదం మాత్రం మార్చలేదు. రెండంగుళాల స్పీకర్ మంద్ర షడ్జమాన్ని, అంటే కింది స్థాయి "స"ని, సరిగా పలికించలేదు, అయినా మీకు వినిపిస్తుంది. తంబుర తీగ కింద నూలు పోగు పెడతారు కదా, దానివల్ల అనుస్వరాలు, అంటే అసలు స్వరంతో పాటే పైన సన్నగా మోగే స్వరాలు, దండిగా పుడతాయి. అవి అందితే చాలు, అడుగున లేని షడ్జమాన్ని చెవే పూరించుకుంటుంది. నాకు ఈ పనిలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇదే.

ఎన్ని నిమిషాలు కూర్చున్నామో చూపించే యాప్ కావాలని చాలామంది అడిగారు. చెయ్యను. ఒక నమూనాకి సెకన్ల లెక్క పెట్టి చూశాం. మా అబ్బాయి నాదం వినలేదు, నిన్నటి కంటే ఎక్కువసేపు కూర్చున్నానా అని అంకెనే చూశాడు.

కొత్త పెట్టెలు సంక్రాంతి లోపు పంపిస్తాం. ఆగలేనివారికి పూర్తి డబ్బు వాపసు. మొదటి విడత పెట్టె ఉన్నవారు రాత్రిపూట ప్లగ్గు తీసేయండి. మా ఖర్చుతోనే తెప్పించుకుని, బాగు చేసి పంపిస్తాం.