ఆ కథలు తెలుగులో చదువుకోనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

వీడియో గేమ్స్ పిల్లల్ని పాడుచేస్తాయని అందరూ అంటుంటారు. నాకు ఇంగ్లిష్ నేర్పింది మాత్రం ఒక గేమే. 1997 నాటి ‘ఫైనల్ ఫాంటసీ సెవెన్’, మూడు సీడీల కథ. మా మేనమామ కువైట్ నుంచి తెచ్చిన ప్లేస్టేషన్‌లో ఆడాను. పాత్రల మాటలన్నీ తెర మీద అక్షరాల్లోనే వచ్చేవి. తెలియని మాట వస్తే అక్కడే ఆపి, డిక్షనరీ చూసి, రూళ్ల నోటుబుక్కులో తెలుగు అర్థం రాసుకునేవాణ్ణి. ఆ నోటుబుక్కు ఇప్పటికీ బీరువాలో ఉంది.

మొదటి సీడీ చివర, కథానాయకుడి వెంట నడిచే ఏరిస్ అనే అమ్మాయి చనిపోతుంది. వెంటనే పెద్ద పోరాటం మొదలవుతుంది. అలాంటప్పుడు మామూలుగా జోరైన సంగీతం రావాలి. కానీ ఆ గేమ్ సంగీత దర్శకుడు నోబువో ఉఎమత్సు ఆమె కోసం కట్టిన ఆ మెల్లని బాణీయే పోరాటం అయ్యేదాకా మోగుతూ ఉంటుంది. కళ్లు తుడుచుకుంటూ బటన్లు నొక్కాను.

అదే కథను 2020లో, 2024లో కొత్తగా రెండు భాగాలు తెచ్చారు. బొమ్మలు అద్భుతం. నాకైతే వంతులవారీగా ఆలోచించి ఆడే పాత పోరాటమే ఇష్టం. మా అమ్మాయి ఇప్పుడు కొత్తది ఆడుతోంది. ‘నాన్నా, ఏమంటున్నాడు?’ అని మాటమాటకీ అడుగుతుంది. ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ అక్షరాలున్నాయి, తెలుగు లేదు. హైదరాబాద్‌లో గేమ్స్ తయారుచేసే మన కుర్రాళ్లైనా తమ ఆటల్లో తెలుగు సబ్‌టైటిల్స్ పెట్టాలని కోరుతున్నాను.

– ఒక ట్యూషన్ మాస్టారు, రాజంపేట